మిషన్ బాబాయి చెప్పిన సున్నాలు

మిషన్ బాబాయిని నేను మొదటిసారి చూసినప్పుడు ఆయన నేలమీద వెల్లకిలా పడుకుని ఉన్నాడు. న్యూరాలజీ వార్డులో, ఏడో నంబరు మంచం కింద. చేతిలో సన్నటి ముక్కున్న నూనెడబ్బా.

"ఎవరండీ మీరు? ముందు పైకి లేవండి" అన్నాను కంగారుగా.

"ఒక్క నిమిషం అమ్మా. ఈ మంచం తల ఎత్తినప్పుడల్లా కీచుమంటోంది. మా ఆవిడ ఆ చప్పుడుకి బెదిరిపోతోంది" అని, రెండు చుక్కలు వేసి, పిడి తిప్పి చూసుకుని, అప్పుడు బయటికొచ్చాడు.

ఆ వారం తిరిగేసరికి మా వార్డులో మంచాలూ, స్ట్రెచర్ చక్రాలూ, మందుల బీరువా తలుపూ అన్నీ నోళ్ళు మూసుకున్నాయి. మా ఆయమ్మ ఆయనకి 'మిషన్ బాబాయి' అని పేరు పెట్టేసింది. నలభై ఏళ్ళుగా ఆయన పని కుట్టుమిషన్లు బాగుచేయడం. అరవై ఒకటో ఏడు నడుస్తోంది. సన్నటి మనిషి. చొక్కా జేబులో పెన్నుండాల్సిన చోట స్క్రూడ్రైవరు ఉండేది.

మంచం మీదున్నావిడ ఆయన భార్య. బాబాయి భార్య కాబట్టి మాకందరికీ పిన్ని అయిపోయింది. ఇంట్లోనే ఆడపిల్లలకి కుట్టుపని నేర్పేది, బయటివాళ్ళకి బట్టలు కుట్టిపెట్టేది. "మిషన్ ఆగిపోయిందని నన్ను పిలిపించింది. మిషన్ నడిచింది, నేను ఆగిపోయాను" అని బాబాయి తన పెళ్ళి కథని రెండు ముక్కల్లో తేల్చేసేవాడు. పిల్లల్లేరు.

పిన్నికి మెదడులో ఎడమవైపు రక్తనాళం మూసుకుపోయింది. కుడిచెయ్యి, కుడికాలు పడిపోయాయి. మాట పోయింది. మనం చెప్పేది అర్థమయ్యేది కానీ, తను చెప్పాలంటే నోటికి ఒకే ఒక్క మాట దొరికేది. "రేపు." దాహమేసినా రేపే, నొప్పెట్టినా రేపే, మమ్మల్ని అవతలికి పొమ్మన్నా రేపే. ఇలాంటి రోగుల్లో కొందరికి ఏదో ఒక మాట అలా మిగిలిపోతుంది. ఆ మాటే ఎందుకని మేము చెప్పలేం. బాబాయి మాత్రం చెప్పాడు.

"బట్టలెప్పుడిస్తావని అడిగినవాళ్ళందరికీ ముప్పై ఏళ్ళుగా చెప్పిన జవాబమ్మా అది. అంతగా వాడిన మాట తుప్పు పడుతుందా?"

చుట్టూ ఉన్నవాళ్ళం నవ్వేశాం. పిన్ని కూడా ఒకవైపుకి వంగిన మూతితోనే నవ్వింది.

ఆ రోజుల్లోనే మా నర్సింగ్ కాలేజీ ప్రొఫెసరమ్మ ఒక పరిశోధన మొదలుపెట్టారు. పక్షవాతం వచ్చినవాళ్ళనీ, తలకి దెబ్బ తగిలినవాళ్ళనీ ఆసుపత్రి నుంచి పంపేశాక ఇంట్లో చూసుకునేది ఎవరు, ఆ చూసుకునేవాళ్ళ గతేమిటి అన్నది విషయం. అరవై కుటుంబాలు. ఒకటో నెల, మూడో నెల, ఆరో నెల, ఏడాదికి మరొకసారి ఇళ్ళకి వెళ్ళి ఇరవై ప్రశ్నలు అడగాలి. మీకు నిద్ర సరిపోవడం లేదనిపిస్తుందా? మీ ఆరోగ్యం దెబ్బతింటోందనిపిస్తుందా? రోగి మీద కోపం వస్తుందా? ఎక్కడికైనా వెళ్ళిపోవాలనిపిస్తుందా? ఇలాంటివి. ప్రతి ప్రశ్నకీ ఐదు జవాబులు. 'అస్సలు లేదు' అంటే సున్నా, 'ఎల్లప్పుడూ' అంటే నాలుగు. చివర్లో అన్నీ కలిపితే ఆ మనిషి మీదున్న భారం ఎంతో తెలుస్తుంది. ఎనభైకి ఎంత దగ్గరైతే అంత బరువన్నమాట.

ఇళ్ళకి తిరిగే పని నాకిచ్చారు. నేను ఒప్పుకోవడానికి ఒక కారణముంది. మా తమ్ముడు ఇరవై మూడో ఏట మోటారుసైకిలు మీంచి పడ్డాడు. ప్రాణం దక్కింది కానీ లేచినవాడు మా తమ్ముడు కాదు. నవ్వాల్సిన చోట చెయ్యి చేసుకునేవాడు. పదకొండేళ్ళు మా అమ్మ వాడి వెనకాలే తిరిగింది. నేను ఇంటికెళ్ళిన ప్రతిసారీ వాడి మందులు చూసేదాన్ని, బరువు చూసేదాన్ని. అమ్మ ముంజేతి మీద కమిలిన మచ్చలు కూడా కనపడేవి. "తలుపు తగిలిందే" అనేది. "చూసుకుని నడవొచ్చు కదమ్మా" అనేదాన్ని. నువ్వెలా ఉన్నావని అడగాలన్న బుద్ధి పుట్టేసరికి అమ్మ లేదు.

బయల్దేరే ముందు ప్రొఫెసరమ్మ నాకు గట్టిగా చెప్పారు. "వాళ్ళు చెప్పిందే రాయి. నీకు అనిపించింది రాయకు. మధ్యలో ఓదార్చకు, సలహాలివ్వకు. అలా చేస్తే తర్వాతిసారి నీ మొహం చూసి జవాబులు మార్చేస్తారు. మరీ ప్రమాదం అనిపిస్తే చీటీ రాసి ఆసుపత్రికి రమ్మను, అంతే."

ఒకటో నెల పూర్తయ్యాక బాబాయి ఇంటికి వెళ్ళాను. మూడో అంతస్తు. లిఫ్టు లేదు. రెండు గదులు, రోడ్డు వైపు చిన్న బాల్కనీ. పిన్నిని కుర్చీలో కూర్చోబెట్టి నలుగురు మోసుకొచ్చి పైన దింపారట. ఆ తర్వాత ఆవిడ కిందకి దిగలేదు. ముందుగదిలో కిటికీ పక్కన ఆవిడ మంచం. గోడవారగా విప్పిన మిషన్ల తలకాయలు వరసగా ఉన్నాయి. అద్దెకున్న షాపు మూసేసి పనంతా ఇంటికే తెచ్చేసుకున్నాడు.

బాబాయి పిన్నికి జావ తాగిస్తున్నాడు. చెంచా నోట్లో పెట్టి, గొంతు మీద వేలు ఆనించి, మింగిందని తెలిశాకే రెండో చెంచా. ఆసుపత్రిలో మేము నేర్పిన పద్ధతే, ఒక్క పిసరు తప్పలేదు. పక్కలు తిప్పిన వేళలు గోడ మీద సుద్దతో గీతలు గీసిపెట్టుకున్నాడు. ఆవిడ వీపు చూశాను. ఎర్రదనం కూడా లేదు.

తర్వాత ప్రశ్నలు మొదలుపెట్టాను.

"మీకు విశ్రాంతి దొరకడం లేదనిపిస్తుందా బాబాయ్?"

"అస్సలు లేదు."

"మీ ఆరోగ్యం...?"

"అస్సలు లేదు. ఇంకేం అడుగుతావు? అన్నిటికీ అదే రాసుకో, నీకూ పని తేలిక."

"అలా కుదరదు బాబాయ్, ఒక్కొక్కటీ అడగాలి."

"అయితే అడుగు. నేనూ ఒక్కొక్కటిగానే లేదంటాను."

ఇరవై ప్రశ్నలు, ఇరవై సున్నాలు. రక్తపోటు చూస్తానంటే చెయ్యి వెనక్కి లాక్కున్నాడు. "రోగి అక్కడుంటే నా చెయ్యి పట్టుకుంటావేంటమ్మా!" అది ఇష్టమైతేనే చూపించుకోవాలన్న నిబంధన ఉంది. గడి ఖాళీగా వదిలేశాను.

కాగితం చూసి ప్రొఫెసరమ్మ నవ్వారు. "సున్నానా? ఇంత హాయిగా ఉన్న మనిషిని నేనింతవరకు చూడలేదు."

మూడో నెలలో వెళ్ళేసరికి బాబాయి నడుం బెల్టుకి కొత్త కంతలు రెండు పడి ఉన్నాయి, మేకుతో పొడుచుకున్నవి. కళ్ళకింద నల్లగా ఉంది. నేను కూర్చున్నంతసేపూ ఆయన ఒకే సూదిలోకి దారం ఎక్కించాలని చూస్తున్నాడు. దారం కొస తడి చేస్తాడు, కన్ను చికిలిస్తాడు, సూది పక్కనుంచి దారం వెళ్ళిపోతుంది. కళ్ళు మూసుకుని దారం ఎక్కిస్తానని వార్డులో పందెం వేసిన మనిషి.

"తలనొప్పిగా ఉంటోందా బాబాయ్?"

"ఆ ప్రశ్న నీ కాగితంలో ఉందా?"

"లేదు."

"మరి లేనివి ఎందుకు అడుగుతావు?" అని నవ్వాడు.

మళ్ళీ ఇరవై సున్నాలు. నేను రాశాను. మెట్లు దిగుతుంటే ఒక మలుపు దగ్గర ఆగాను. వెనక్కి వెళ్ళి, ఇది అబద్ధం బాబాయ్ అనాలనిపించింది. వెళ్ళలేదు. ఆరోజు ఇంకా రెండిళ్ళు చూడాలి.

ఆరో నెలలో వెళ్ళిన రోజు బాగా ఎండగా ఉంది. పిన్ని అప్పటికి ఎడమచేత్తో గ్లాసు పట్టుకోగలుగుతోంది, దిండు ఆనించి కూర్చోగలుగుతోంది. నేను అట్ట మీద కాగితం పెట్టుకుని ఆవిడ మంచం అంచునే కూర్చున్నాను. బాబాయి ఎదురుగా స్టూలు మీద కూర్చున్నాడు.

"మీకు నిద్ర సరిపోవడం లేదనిపిస్తుందా?"

"అస్సలు లేదు" అన్నాడు ఆయన.

"రేపు!"

ఉలిక్కిపడి చూశాను. పిన్ని మొహం ఎర్రబడింది. ఎడమచెయ్యి చాచి నా అట్టని తన ఒళ్ళోకి లాక్కుంది. చూపుడువేలు ఆ వరసంతా తడుముకుంటూ వెళ్ళి 'ఎల్లప్పుడూ' అన్న మాట మీద ఆగింది. అక్కడ గోరుతో రెండుసార్లు కొట్టింది.

"దానికి తెలీక పెడుతోందమ్మా. ఇటివ్వవే" అన్నాడు బాబాయి.

ఆవిడ ఇవ్వలేదు. నాకూ అనుమానం లేకపోలేదు. మాట పోయినవాళ్ళకి చదివింది కూడా ఒక్కోసారి తారుమారవుతుంది. అందుకని ఖాళీ కాగితం మీద 'అవును', 'కాదు' అని పెద్దక్షరాలతో రాసి పెట్టాను. మీకు పిల్లలున్నారా? కాదు. ఇది మూడో అంతస్తా? అవును. నేను కుట్టుమిషన్లు బాగుచేస్తానా? కాదు మీద వేలు పెట్టి, ఇదేం వెర్రి ప్రశ్న అన్నట్టు నావైపు చూసింది.

"పిన్నికి అన్నీ తెలుస్తున్నాయి బాబాయ్."

నేను రెండో ప్రశ్న చదివాను, ఈసారి ఆవిడని చూస్తూ. మీ ఆయన ఆరోగ్యం దెబ్బతింటోందనిపిస్తుందా? తరచుగా. ఆయన ఒంటరిగా ఏడుస్తారా? ఇది కాగితంలో లేదు, నా నోటికొచ్చింది. ఆవిడ వేలు 'తరచుగా' దగ్గర ఆగి, కాసేపు ఆలోచించి, ఒక గడి ముందుకి జరిగింది. బాబాయి స్టూలు మీంచి లేచి బాల్కనీలోకి వెళ్ళిపోయాడు.

ఎక్కడికైనా వెళ్ళిపోవాలని ఆయనకి అనిపిస్తుందా అన్న ప్రశ్న దగ్గరికొచ్చేసరికి నేను చదవాలా వద్దా అని తటపటాయించాను. పిన్ని నా మణికట్టు పట్టుకుని గుంజింది. చదివాను. 'అప్పుడప్పుడు' మీద వేలు పెట్టింది. పెట్టి, కళ్ళు తుడుచుకోకుండా అలాగే కూర్చుంది.

యాభై ఎనిమిది వచ్చింది.

బాల్కనీలోకి వెళ్ళాను. బాబాయి రెయిలింగు పట్టుకుని కిందకి చూస్తున్నాడు.

"ఎందుకు బాబాయ్ ఇలా చెప్పారు? మిమ్మల్ని ఎవరు తప్పుపడతారని?"

"ఆరోజు పొద్దున బట్ట కత్తిరిస్తుంటే దాని చేతిలోంచి కత్తెర జారిపోయింది. చెయ్యి తిమ్మిరెక్కిందేమో అనుకున్నాను. మాట ముద్దగా వస్తుంటే నిద్ర చాల్లేదనుకున్నాను. పడుకోవే, లేచాక తగ్గిపోతుందన్నాను. బామ్ రాశాను. టీ పెట్టుకుని తాగాను. ఒక మిషన్ పూర్తి చేసి డెలివరీ కూడా ఇచ్చొచ్చాను. మూడు గంటలమ్మా. వెంటనే తెస్తే మందు ఎక్కించేవాళ్ళమని మీ డాక్టరే అన్నాడు. దాన్ని ఇలా చేసింది నేను. చేసినవాడికి కష్టంగా ఉందని చెప్పుకునే మొహం ఎక్కడుంటుంది?"

నేను నర్సుని. అలాంటి పొరపాటు వందమందిలో ఎనభైమంది చేస్తారని చెప్పాను. ఆయన విన్నాడు కానీ ఆ మాట ఆయనలోకి దిగలేదు. ఆరోజు మాత్రం చెయ్యి ఇచ్చాడు. రక్తపోటు నూట తొంభై రెండు, కింద నూట పది.

చీటీ రాశాను. గురువారం ఓపీకి రావాలని ఒట్టు పెట్టించుకున్నాను. పిన్ని దగ్గర కుట్టు నేర్చుకున్న ఒకమ్మాయి రెండు వీధుల అవతల ఉంటుంది. ఆ అమ్మాయితో మాట్లాడి, ఆ పొద్దుట పిన్ని దగ్గర కూర్చోవడానికి ఒప్పించాను. తనకి పదకొండింటికి డ్యూటీ ఉందని ముందే చెప్పింది.

గురువారం బాబాయి వచ్చాడు. ఇస్త్రీ చొక్కా వేసుకుని వరసలో కూర్చున్నాడు. ఆయన టోకెను ఎనభై నాలుగు. పదింబావుకి నేను పైవార్డు నుంచి కిందకి తొంగిచూశాను, ముప్పై ఎనిమిది నడుస్తోంది. చెయ్యి ఊపాడు. దిగి వెళ్ళి డాక్టరుతో ఒక మాట చెబితే ఐదు నిమిషాల్లో పంపేసేవారు. కానీ వార్డులోకి ఇద్దరు కొత్త రోగులు ఒకేసారి వచ్చారు. పైగా, అధ్యయనంలో ఉన్నవాళ్ళ విషయంలో కలగజేసుకోకూడదన్న మాట కూడా ఉంది కదా అని నాకు నేను చెప్పుకున్నాను. పదకొండున్నరకి కిందకి వెళితే కుర్చీ ఖాళీగా ఉంది. పిన్ని ఒక్కతే ఉంటుందని లేచి వెళ్ళిపోయాడట.

మరో గురువారం చూద్దామనుకున్నాను. రెండు గురువారాలు గడిచాయి.

పదిహేనో రోజు పొద్దున తొమ్మిదింటికి ఆయన్ని మా వార్డుకే తెచ్చారు. మెదడులో రక్తనాళం చిట్లింది. పిన్నికి జావ కలుపుతూ గది మధ్యలో పడిపోయాడట. పిన్ని లేవలేదు, అరిచినా 'రేపు' తప్ప మాట రాదు. దిండు పక్కనున్న కత్తెర ఎడమచేత్తో తీసుకుని కిటికీ ఇనుప చువ్వల మీద ఆగకుండా కొట్టిందట, కింది అంతస్తువాళ్ళు తలుపు బద్దలుకొట్టి లోపలికి వచ్చేదాకా. ఆయన పడిన ఇరవై నిమిషాలకల్లా ఆసుపత్రిలో ఉన్నాడు. అంత తొందరగా వచ్చిన కేసులు మా రిజిస్టరులో చాలా తక్కువ. రక్తం అప్పటికే మెదడు సగానికి పైగా కమ్మేసింది.

మూడు రోజులు ఉన్నాడు. తెలివి రాలేదు. నేను ఆయన పక్క తిప్పాను, నోరు తడిపాను, మూత్రం సంచీ మార్చాను. రెండో రోజు కుట్టు నేర్చుకున్న అమ్మాయి, కింది అంతస్తువాళ్ళు కలిసి పిన్నిని కుర్చీలో మోసుకొచ్చారు. ఆరున్నర నెలల తర్వాత ఆవిడ ఇల్లు దాటడం అదే. మంచం పక్కన కుర్చీ ఆపితే ఆయన చేతిని తన ఒళ్ళో పెట్టుకుంది. నూనె మరకలు పోని ఆ గోళ్ళని ఒక్కొక్కటిగా చూసింది. ఏదైనా అంటుందేమోనని ఎదురుచూశాను. ఆవిడకి మిగిలిన ఆ ఒక్క మాట కూడా అనలేదు.

మూడో రోజు మధ్యాహ్నం బాబాయి పోయాడు.

వారం తర్వాత ప్రొఫెసరమ్మ గదికి కాగితాలు తీసుకెళ్ళాను. ఆవిడ చాలాసేపు చూసి, కళ్ళజోడు తీసేశారు.

"పిన్నిగారి జవాబులు లెక్కలోకి తీసుకోలేమమ్మా. మనం అడగాల్సింది చూసుకునేవాళ్ళని, రోగిని కాదు. ఆయనవి రెండు సున్నాలు, తర్వాత మధ్యలో తప్పుకున్నట్టు రాయాలి."

"తప్పుకున్నట్టా మేడమ్?"

"మరేం రాస్తాం? చనిపోయినా ఆ గడిలోకే వస్తారు."

"మన కాగితం ప్రకారం అరవైమందిలో అందరికంటే హాయిగా ఉన్న మనిషి ఆయనే. ఆయన పోయాడు. సున్నాలు చెప్పినవాళ్ళు ఇంకా ఎంతమంది ఉన్నారో నేనొకసారి చూస్తాను మేడమ్."

ఆవిడ వద్దనలేదు. తీసి చూస్తే మరో ఏడుగురు ఉన్నారు. ఒక్కటో రెండో తప్ప అన్నీ సున్నాలే. ఆదివారాలు పెట్టుకుని ఆ ఏడిళ్ళకీ వెళ్ళాను, కాగితం లేకుండా. ఒకావిడ, కొడుకు తనమీద చెయ్యి చేసుకుంటాడని, రొమ్ములో గడ్డ ఉన్నా ఎనిమిది నెలలుగా చూపించుకోలేదని చెప్పింది. ఒకాయన తలుపు తీయలేదు. ముగ్గురికి రక్తపోటు ఎక్కువుంది. ఇద్దరు మాత్రం నిజంగానే బాగున్నారు. అదీ చెప్పాలి. గడ్డ ఉన్నావిడని నేనే చెయ్యి పట్టుకుని ఆసుపత్రికి తీసుకొచ్చాను. అప్పటికే ఆలస్యమైందన్నారు. వైద్యం మాత్రం మొదలుపెట్టారు.

ప్రొఫెసరమ్మ తన నివేదిక చివర, అన్నీ సున్నాలు చెప్పినవాళ్ళని మళ్ళీ వేరేగా పలకరించాలనీ, మాట్లాడలేని రోగిని కూడా అడగాలనీ ఒక పేరా చేర్చారు. మొత్తం నలభై పేజీల్లో నాలుగు వాక్యాలు. తర్వాతి బ్యాచ్ నర్సులకి అది పాఠంగా చెబుతున్నారని విన్నాను.

పిన్నిని ఆవిడ చెల్లెలు తీసుకెళ్ళింది. ఆ చెల్లెలికీ భర్త లేడు, ఇస్త్రీ షాపులో పనిచేస్తుంది. షాపు వెనకాలే ఒక గది, కింది అంతస్తే. ఏడాది పూర్తయిందని, చూసుకునే మనిషి మారినా ఒకసారి వెళ్ళిరమ్మని ప్రొఫెసరమ్మ పంపారు.

గదిలోకి ఇస్త్రీ వేడి కొడుతోంది. పిన్ని గోడవైపు మంచం మీద ఉంది. నన్ను చూసి ఎడమచెయ్యి ఎత్తింది. గోడవైపు తుంటి మీద చిన్న పుండు పడింది, మందు రాసి ఉంది. నేను ప్రశ్నలు మొదలుపెట్టాను. ఆ చెల్లెలు గుమ్మం దగ్గర బల్ల మీద ఇస్త్రీ చేస్తూనే, కొంగుతో మెడ తుడుచుకుంటూ తడుముకోకుండా చెప్పేసింది.

"నిద్ర ఎక్కడిదమ్మా? ఎల్లప్పుడూ రాసుకో. కోపమా? వస్తుంది. పక్క తడిపినప్పుడల్లా వస్తుంది. వెళ్ళిపోవాలనా? రోజూ అనుకుంటాను. ఇది పోతే నేనూ హాయిగా పడుకుంటాను కదా అని కూడా అనుకున్నాను. నిజం చెప్పమన్నావు కాబట్టి చెబుతున్నా."

నాకు కావలసింది సరిగ్గా అదే. ఒక్క సున్నా లేదు. అరవై ఆరు. రాస్తూ తలెత్తి చూశాను. పిన్ని మొహం గోడవైపు తిప్పేసుకుంది. వీపు మాత్రం కదులుతోంది.

భర్త తరఫున వేలు పెట్టి నిజం చూపించిన మనిషి. తన మీద అదే నిజం వినాల్సి వస్తే ఎలా ఉంటుందో నేను ఆలోచించలేదు. ఈ ప్రశ్నలు రోగి ముందు అడగకూడదని ఎవరూ నాకు చెప్పలేదు, నాకూ తట్టలేదు. ఆ తర్వాత నుంచి గుమ్మం బయటికి పిలిచి అడగడం అలవాటు చేసుకున్నాను.

చెల్లెలికి కూడా ఆ వీపు కనపడింది. ఇస్త్రీ పెట్టె పక్కన పెట్టి వచ్చి, మంచం మీద కూర్చుని, అక్క భుజం పట్టుకుని ఇవతలికి లాగింది.

"ఏడుస్తావేంటే? విసుగని చెప్పాను కానీ వదిలేస్తానన్నానా? ఇటు తిరుగు. తిరగవే, పుండు మీద పడుకున్నావు."

నేను అటువైపు చెయ్యి వేశాను. ఇద్దరం కలిసి ఆవిడ పక్క మార్చాం.